బాగున్నానని చెప్పకూడదు

మా ఊళ్ళో "ఎలా ఉన్నావు?" అని అడిగితే "బాగున్నాను" అని జవాబు చెప్పేవాళ్ళు రెండే రకాలు: మతి తప్పినవాళ్ళు, ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళు. మిగతా మనుషులం "ఏం బాగు, ఏదో ఇలా ఉన్నాం" అంటాం. ఇంకా జాగ్రత్తపరులు "ఇంతకంటే దిగజారకపోతే అదే చాలు" అంటారు. మంచి జరిగితే దాన్ని నోటితో అనకూడదు. అంటే ఏ మూలనో పొంచి ఉన్న చెడుకు వినబడుతుంది, దిష్టి కొడుతుంది. పొరపాటున నోరు జారితే వెంటనే మూడుసార్లు ఉమ్మి, దగ్గరలో ఉన్న చెక్కమీద వేళ్ళతో కొట్టాలి. చెక్క కనబడకపోతే మా అత్త స్తమెనా నా నెత్తిమీద కొడుతుంది. రెంటికీ పెద్ద తేడా లేదట.

నా పేరు జాప్రియన్. ప్లోవ్‌దివ్ నుంచి స్మోల్యన్‌కు కొండదారిలో మినీబస్సు నడుపుతాను. ఈ ఉద్యోగానికి చేతులూ కడుపూ రెండూ గట్టిగా ఉండాలి. చేతులకేం, బాగానే గట్టివి. కడుపు సంగతి నలుగురిలో చెప్పుకోదగ్గది కాదు, కాని ఈ కథ దాని గురించే కాబట్టి చెప్పక తప్పదు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. నాది చించుకోకుండానే పడుతూ వచ్చింది.

నలభయ్యో పడి మొదట్లో నా పెద్దపేగు లోపలంతా పూసి పుండ్లు పడింది. ఎందుకు పడిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. ఒంటిని కాపాడాల్సిన కాపలావాళ్ళే మతిచెడి సొంత పేగుమీద పడి కొడుతున్నారన్నారు. నా ఒంటికి కూడా నా అంత బుద్ధే ఉందని అప్పుడు తెలిసింది. రోజుకు పది పన్నెండుసార్లు దొడ్డికి పరుగు, వెళ్ళినప్పుడల్లా నెత్తురు. వస్తోందని తెలిశాక వచ్చేలోపు ఉండే వ్యవధి ఒక సిగరెట్టు ముట్టించడానికి కూడా చాలదు.

అలాంటి కడుపుతో పదిహేడుమంది ప్రయాణికులను వెనక కూర్చోబెట్టుకుని కొండ ఎక్కాలి. అందుకని దారిపొడుగునా "చూడదగ్గ చోట్లు" కనిపెట్టాను. కడుపులో మెలి తిరగ్గానే బస్సు పక్కకు తీసి, "ఇక్కడ దృశ్యం చాలా బాగుంటుంది, దిగి చూడండి" అని తలుపు తెరిచి, అందరికంటే ముందు నేనే దూకి పైన్ చెట్ల వెనక్కి పరుగెత్తేవాణ్ణి. జనం దిగి, లోయను చూసి, సిగరెట్లు కాల్చుకునేవాళ్ళు. ఒకసారి జర్మనీ దంపతులు, ప్రకృతిని ఇంతగా ప్రేమించే డ్రైవరును ఎక్కడా చూడలేదని నాతో చెయ్యి కలపబోయారు. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నన్ను బిడియస్థుడనుకుని ఇంకా మెచ్చుకున్నారు.

నా భార్య రుమ్యానా ఇటలీలో ఒక ముసలావిడకు సేవ చేసే పనిలో ఉంది. త్రాకియా పేటలో ఎనిమిదో అంతస్తు ఫ్లాటులో ఉండేది నేనూ, మా అత్తా. కూతురు దేశాలు పట్టిపోయి కష్టపడుతుంటే తను అల్లుడికి కాపలా కాయాల్సి వచ్చిందని ఆవిడ అనని రోజు లేదు. అంటూనే నాకు బియ్యం గంజి కాచి పెట్టేది. పెడుతూ కూడా అనేది.

మందులు చాలా వాడాను. స్టెరాయిడ్లు వేసుకున్నప్పుడు ముఖం పూర్ణచంద్రుడిలా ఉబ్బింది. బస్సెక్కినవాళ్ళు "జాప్రియన్, కండ పట్టావు" అని మెచ్చుకునేవాళ్ళు. ఆ మాత్రలకు మొదట తగ్గింది. తగ్గిందన్న సంబరంతో మాత్రలు ఆపేసి, సెయింట్ జార్జి పండుగనాడు, గొర్రెపిల్ల మాంసం ముందు పెట్టుకుని, బంధువులంతా వింటుండగా "నాకు పూర్తిగా నయమైపోయింది, నేనిప్పుడు ఎద్దులా ఉన్నాను" అని గ్లాసు ఎత్తాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఉమ్మారు. నేను మాత్రం నవ్వాను. వారం తిరక్కుండా నన్ను స్ట్రెచరు మీద దించారు.

"ఎద్దంట, ఎద్దు!" అంది అత్త ఆస్పత్రిలో నా మంచం పక్కన నిలబడి. "అంతమంది ముందు ఆ మాట అంటావా? ఇంక నా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బాగుందనే మాట నీ నోట రాకూడదు. వచ్చిందా, నాలిక కోసి పిల్లికి పెడతా."

"అత్తా, అది మందు ఆపడంవల్ల వచ్చిందని డాక్టరు చెప్పాడు."

"డాక్టరు నీ బల్ల దగ్గర ఉన్నాడా? నేనున్నా. ఎవరి చూపు ఎట్టా పడిందో నేను చూశా."

చదువుకున్నవాళ్ళ మాటకూ మా అత్త మాటకూ పోటీ పెడితే నేను ఎప్పుడూ చదువువైపే ఉంటాను, కాని ఉమ్మడం మాత్రం మానను.

ఆ తర్వాత వాడిన మందులు కూడా ఒకదాని వెనక ఒకటి పనిచెయ్యడం మానేశాయి. చివరికి సర్జను నా ఎదుట ఒక కాగితంమీద పొట్ట బొమ్మ గీసి, పెద్దపేగు మొత్తం తీసేసి, పొట్టకు చిల్లు పెట్టి, దానికి ఒక సంచీ తగిలిద్దామన్నాడు. ఇంక మలం అందులోకే వస్తుంది, బతికున్నంతకాలం. చాలామంది ఆ సంచీతో హాయిగా బతుకుతున్నారని కూడా చెప్పాడు, మంచి మనిషి. నేను మాత్రం ఇంటికొచ్చి స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. పొట్టమీద సంచీతో ఆ మలుపుల్లో బస్సు నడపడం నావల్ల అవుతుందా, బస్సు యజమాని నడపనిస్తాడా, రుమ్యానా నా పక్కన పడుకుంటుందా అన్న భయాలన్నీ ఒక్కసారి మీదపడ్డాయి.

అప్పుడు మా పేగుల డాక్టరమ్మ స్నెజీనా ఒక దారి చూపించింది. ఆవిడ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉంటుంది. కొత్త మాత్ర ఒకటి వచ్చిందనీ, దానిమీద చాలా దేశాల్లో పరిశోధన జరుగుతోందనీ, కావాలంటే నన్ను చేర్చుకుంటాననీ చెప్పింది. కొందరికి అసలు మాత్ర, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది వెళ్ళిందో ఆవిడకు కూడా తెలియదు. శరత్కాలంలో పేగు లోపలికి కెమెరా పెట్టి చూస్తారు. అప్పటికి గుణం కనిపిస్తే మందు కొనసాగిస్తారు. లేకపోతే పరిశోధన నుంచి బయటికి, అక్కణ్ణుంచి నేరుగా సర్జను బల్లమీదికి.

"డాక్టరుకే తెలీని మాత్రా?" అంది అత్త సంతోషంగా. "అయితే అదే మంచిది. తెలీనిదానికి దిష్టి తగలదు. మింగు."

మింగడం సులువే. చిక్కల్లా ప్రశ్నలతో వచ్చింది. రోజూ సాయంత్రం వాళ్ళిచ్చిన ఫోను మోగుతుంది. ఇవాళ ఎన్నిసార్లు వెళ్ళావు, నెత్తురు పడిందా, మొత్తంమీద ఎలా ఉన్నావు అని అడుగుతుంది. జవాబులు నొక్కాలి. నెలకోసారి మలం నమూనా చిన్న డబ్బాలో పట్టి ఇవ్వాలి. దాన్ని పరీక్ష చేస్తే పేగులో వాపు ఎంతుందో తెలుస్తుందట. ఆ ఫలితం మాత్రం మాకూ చెప్పరు, డాక్టరమ్మకూ చెప్పరు. ఎక్కడో పైవాళ్ళు దాచుకుంటారు.

ఎండలు ముదిరేసరికి నాకు తగ్గడం మొదలుపెట్టింది. మొదట నమ్మలేదు. ఒకరోజు ప్లోవ్‌దివ్‌లో ఎక్కి కూర్చున్నవాణ్ణి స్మోల్యన్‌లో గాని దిగలేదు. బస్సాగగానే ప్రయాణికులు నామీద విరుచుకుపడ్డారు, సిగరెట్టుకు కూడా ఆపకుండా ఇదేం నడపడమని. నేను స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నెత్తురు ఆగిపోయింది. రాత్రిళ్ళు లేవడం మానేశాను. పొద్దున్నే ఒక్కసారి, పంతులుగారి గడియారంలా.

మరి ఫోనులో ఏం నొక్కానని అడుగుతారా? సిగ్గు లేకుండా చెబుతాను: పది సార్లు, నెత్తురు ఉంది, ఏం బాగులేదు. మొదటిరోజు నిజం నొక్కబోయి వేలు ఆగిపోయింది. బల్ల దగ్గర పదిమంది బంధువుల ముందు అంటేనే స్ట్రెచరు ఎక్కించిన మాట, ఈ ఫోనులో నొక్కితే ఏ దేశంలో ఎన్ని కళ్ళు చూస్తాయో! అందుకని మొత్తం ఐరోపా ముందు మూలుగుతూ వచ్చాను. నాకు తెలిసి పరిశోధన అంటే మాత్ర పనిచేస్తోందో లేదో వాళ్ళు కనిపెట్టుకోవడం. నన్ను అడగడమంతా మర్యాదకేనని అనుకున్నాను.

ఇంట్లోనూ అంతే. మా గోడలు అట్టముక్కలు. పైవాళ్ళు దగ్గితే కిందవాళ్ళు "చల్లగా ఉండు" అంటారు. కాబట్టి బాగుపడ్డాక కూడా రోజుకు ఏడెనిమిదిసార్లు స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఫుట్‌బాల్ వార్తలు చదువుకుని, పొట్ట పట్టుకుని బయటికొచ్చేవాణ్ణి. అత్త తలుపు దగ్గర నిలబడి "మళ్ళీనా?" అనేది. "మళ్ళీనే అత్తా" అనేవాణ్ణి. ఆవిడ నిట్టూర్చేది. అంతా తెలిసీ దిష్టికి భయపడి ఎంత బాగా నటిస్తోందో ముసలిది అని లోలోపల మెచ్చుకునేవాణ్ణి. రుమ్యానా ఫోను చేసినప్పుడు అత్త పక్కనే ఉండేది కాబట్టి ఆమెతోనూ "ఏదో, ఇలా ఉన్నాను" అనే చెప్పేవాణ్ణి.

సెప్టెంబరులో ఊరంతా బాల్కనీల్లో ఎర్రమిరపకాయలు కాలుస్తారు. ఆ వాసనకు చచ్చినవాడు కూడా లేచి రొట్టె అడుగుతాడు. మా అత్త కాల్చి, తొక్క తీసి, వెల్లుల్లి వేసి గిన్నెలో పెట్టి, "నీకు వద్దులే, నీ ప్రాణానికి గంజే దిక్కు" అని పక్కింటికి వెళ్ళింది. నేను దొంగలా వంటింట్లో దూరి నాలుగు తిన్నాను. నూనె మోచేతులదాకా కారింది. ఏడేళ్ళ తర్వాత తిన్నాను. కడుపు చిన్న మూలుగైనా మూలగలేదు. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలియక, గిన్నెలో మిగిలినవాటిని సర్ది, ఖాళీ కనబడకుండా చేశాను.

ఆస్పత్రిలో మా పరిశోధనవాళ్ళం కూర్చునే బల్లమీద ఇంకో రకం భాగోతం నడిచేది. అసెనోవ్‌గ్రాద్ నుంచి వచ్చే గాన్చో అనే సారాబట్టీ మేస్త్రీ నా పక్కన కూర్చునేవాడు.

"ఎన్ని?" అనేవాడు.

"పది. నీకు?"

"పన్నెండు. రాత్రి వేరే."

"నాకూ రాత్రి వేరే. నిన్న కళ్ళు తిరిగాయి."

"నేను పడే పోయా."

ఇలా వేలంపాట పాడుకునేవాళ్ళం. గాన్చో బుగ్గలు మాత్రం టమాటాల్లా నిగనిగలాడేవి, వాడి సంచీలోంచి సాసేజీ వాసన వచ్చేది. నేనేమీ అనేవాణ్ణి కాదు. దొంగను దొంగ ఎందుకు పట్టుకుంటాడు?

డాక్టరమ్మ లోపలికి పిలిచి ప్రశ్నలడిగినప్పుడు కూడా అదే పాట. ఆవిడ నా ముఖంలోకి, నా బరువు చూపించే తూకంలోకి, మళ్ళీ నా ముఖంలోకి చూసేది. "జాప్రియన్‌గారూ, నేను మీకేమీ నేర్పకూడదు. ఉన్నదున్నట్టు చెప్పండి, అంతే" అనేది. నేను తల వేలాడేసేవాణ్ణి.

కెమెరా పరీక్ష వారం ఉందనగా డాక్టరమ్మ ఫోను చేసింది. గొంతులో నిద్రమత్తు లేదు. "రేపు పదిగంటలకు రండి. రాజధాని సోఫియా నుంచి తనిఖీకి వచ్చారు. మీ గురించే."

అత్త నా వెంట బయల్దేరింది. వద్దన్నాను. నల్లకోటు, నల్లరుమాలు, భుజానికి పెద్ద చేతిసంచీ తగిలించుకుని నాకంటే ముందు లిఫ్టులో నిలబడింది.

తనిఖీకి వచ్చినతని పేరు మోమ్చిల్. నున్నగా దువ్విన తల, ఇస్త్రీ చొక్కా. పరిశోధన నియమం ప్రకారం నడుస్తోందో లేదో చూడటం అతని పని. నన్ను కుర్చీలో కూర్చోమని, గొంతు సవరించుకున్నాడు.

"జాప్రియన్‌గారూ, మీరిచ్చిన నమూనాలకూ మీరు చెప్పే జవాబులకూ పొంతన లేదండీ. రెంటిలో ఏదో ఒకటి అబద్ధం. సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఆ డబ్బాల్లో ఇచ్చింది మీదేనా?"

"ఏది?"

"అదేనండి. మలం."

జీవితంలో నాకు చాలా అవమానాలు జరిగాయి. పోలీసులు తాగావా అని ఊదించారు, పెళ్ళిలో మా మామ నా పేరు మరిచిపోయాడు. కాని నా మలం నాది కాదన్నవాడు ఇతనే. "నాది కాక ఇంకెవరిదయ్యా?" అని లేచాను. "మా అత్తదా?"

"ఏందది? నా పేరెందుకు వస్తంది?" అని గోడవార కుర్చీలోంచి అత్త అరిచింది.

మోమ్చిల్ చెయ్యెత్తాడు. "కోప్పడకండి. ఇదివరకు ఒకచోట ఒకాయన పరిశోధనలో ఉండిపోవాలని తమ్ముడిది పట్టుకొచ్చాడు. నమూనా మీదే అయితే జవాబులు తప్పు. జవాబులు నిజమైతే నమూనా ఎవరిదో. ఇవాళ తేలకపోతే మిమ్మల్ని పరిశోధన నుంచి తీసెయ్యాలి. మందు కూడా ఇవాళ్టితో ఆపెయ్యాలి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నమూనా శుభ్రంగా ఉందని అతని మాటల్లోనే తెలిసిపోయింది. లోపల గుండె గంతులేసింది. ముఖం మాత్రం అలవాటు ప్రకారం ఏడుపు పెట్టుకునే ఉంది. "నాదే" అన్నాను.

"అయితే ఎలా ఉన్నారు?" అంది డాక్టరమ్మ.

"ఏం బాగులేదు డాక్టరమ్మా."

ఆవిడ నుదురు కొట్టుకుంది. మోమ్చిల్ ఒక ఉపాయం చెప్పాడు. ఇక్కడికిక్కడే నమూనా ఇవ్వాలి, తలుపు బయట నర్సు నిలబడుతుంది. రోజుకు పదిసార్లు వెళ్ళే మనిషికి అదేం కష్టమన్నాడు. డబ్బా చేతికిచ్చి నన్ను లోపలికి పంపారు.

కూర్చున్నాను. ఏమీ రాలేదు. ముక్కాను, మూలిగాను, బెదిరించాను, బతిమాలాను. ఏడేళ్ళపాటు పిలవకుండా వచ్చి ఇల్లు గుల్ల చేసిన చుట్టం, ఆవేళ పిలిస్తే రాలేదు. నర్సు తలుపు కిందనుంచి నీళ్ళ సీసా తోసింది. తర్వాత కాఫీ పంపారు. తర్వాత డాక్టరమ్మ కడుపు కదులుతుందని తన భోజనంలోని ఎండు ఆల్బుకరా పళ్ళు పంపింది. అన్నీ తిని, తాగి, హాయిగా కూర్చున్నాను. కడుపు తృప్తిగా ఒకసారి గుర్రుమని ఊరుకుంది.

"అల్లుడూ, బతికే ఉన్నావా?" అని తలుపు బాదింది అత్త.

"రావడంలేదత్తా."

బయట ఆవిడ గొంతు, ఎవరితోనో: "అయిపోయింది. ఇంక లోపలేమీ మిగల్లా. ఎండిపోయాడు."

నేను ఖాళీ డబ్బా పట్టుకుని, దొంగకు తేలు కుట్టినట్టు బయటికొచ్చాను.

"పదిసార్లన్నారు" అన్నాడు మోమ్చిల్. "మధ్యాహ్నం కావస్తోంది. ఇవాళ ఇప్పటికి ఎన్నిసార్లు వెళ్ళారు?"

నోరు తెరిచాను. "ఒక్కసారి" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చి నిలబడింది. కక్కలేను, మింగలేను. ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. దిష్టి అన్నది సగం సాకు. ఏడేళ్ళలో మూడు మందులకు మూడుసార్లు నయమైందనుకున్నాను, మూడుసార్లూ కిందపడ్డాను. బాగున్నానని నోటితో అనేస్తే బాగుండటం నాది అయిపోతుంది. నాది అయ్యాక పోతే ఓర్చుకోలేను. బాగులేదంటూ ఉంటే పోవడానికేమీ ఉండదు. ఇంత తెలివి గలవాణ్ణి కాబట్టే, మందు పనిచేస్తుంటే మందు ఊడగొట్టుకోబోతున్నాను.

అప్పుడు అత్త లేచింది. చేతిసంచీ రొమ్ముకు అదుముకుని గది మధ్యకు వచ్చింది.

"నేను చెప్తన్నా, రాసుకోండి. వీడు బాగున్నాడు. పొద్దున ఒక్కసారి పోతన్నాడు, అంతే. నెత్తురూ లేదు, గిత్తురూ లేదు. నా మిరపకాయలు దొంగతనంగా తింటన్నాడు. రాత్రిపూట గురక పెడితే గోడలు అదురుతున్నయ్. బస్సులో పాటలు పాడుకుంటన్నాడు. బాగున్నాడు, బాగున్నాడు, బాగున్నాడు! దిష్టనేది ఉంటే నామీద పడనీ. నాకు ఎనభై నిండినయ్, నా పేగులు ఇంకెవరికి కావాలి?"

జన్మలో ఆవిడ నోట ఆ మాట వినలేదు. సొంత కూతురు పెళ్ళిబట్టల్లో నిలబడితే "ఏడ్చినట్టే ఉన్నావు" అని దీవించిన మనిషి. మిరపకాయలు కూడా చూసేసిందన్నమాట అనుకున్నాను.

"మామ్మా, మీరు చెబితే లెక్కలోకి రాదు" అంది డాక్టరమ్మ మెల్లగా. "ఆయనే చెప్పాలి."

అత్త నావైపు తిరిగింది. "చెప్పయ్యా. నేను మీదేసుకున్నా కదా. ఇంక నీకేం కాదు, చెప్పు."

డాక్టరమ్మ ప్రశ్నలు మొదటినుంచి అడిగింది. ఎన్నిసార్లు? ఒక్కసారి. నెత్తురు? లేదు. నొప్పి? లేదు. మొత్తంమీద ఎలా ఉన్నారు?

"బాగున్నాను" అన్నాను. ఆవిడకు సరిగ్గా వినబడలేదు. మళ్ళీ అడిగింది. "బాగున్నాను డాక్టరమ్మా. చాలా బాగున్నాను." నలభయ్యేడేళ్ళవాణ్ణి, ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను. మోమ్చిల్ బల్లమీద వేళ్ళతో కొట్టబోయి, అది ప్లాస్టిక్‌దని చూసుకుని, లేచి వెళ్ళి తలుపు చట్రంమీద కొట్టి వచ్చాడు. వచ్చాక, తనేమీ చెయ్యనట్టు నియమాలు చెప్పాడు. ఇదివరకు చెప్పిన అబద్ధాలు అలాగే ఉంటాయి, చెరపడం కుదరదు. రేపు పొద్దున్నే ఆస్పత్రికొచ్చి నర్సు కాపలాలో నమూనా ఇవ్వాలి. అది సరిపోలితే, ఈరోజునుంచి నిజం చెబితే, కెమెరా పరీక్షకు నన్ను ఉంచుతారు, మందు ఆపరు. డాక్టరమ్మ, బయట బల్లమీద కూర్చున్న గాన్చోను కూడా లోపలికి పిలవమంది.

లిఫ్టు చెడిపోయి ఉంది. మెట్లమీదుగా దిగుతున్నాం. సగం దిగాక అత్త ఆగి కటకటాలు పట్టుకుంది.

"దేవుడు నన్ను క్షమిస్తాడో లేదో. డాక్టర్ల ముందు అంత అబద్ధం ఆడా."

"ఏం అబద్ధం అత్తా?"

"ఏదో ఆడా. నువ్వు ఒకప్పుడు ఎట్టా ఉండేవాడివో అదంతా చెప్పా. మందు ఆపేస్తామన్నాడు కదా ఆ జుట్టుగాడు, నాకింకేం తోచలా. నువ్వు కూడా బాగానే ఆడావులే, ఏడుపుతో సహా." ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "ఇంక దాచమాక అల్లుడూ. నాకు తెలుసు. రోజంతా ఆ గదిలో నువ్వు పడే బాధ వింటానే ఉన్నా కదా."

ఈ ముసలిది నటించలేదు. ఎండాకాలం మొదలైనప్పటినుంచి, నేను లోపల ఫుట్‌బాల్ వార్తలు చదువుకుంటుంటే, ఆవిడ తలుపు బయట నిలబడి నేను చచ్చిపోతున్నాననుకుంది.

"అత్తా, అది అబద్ధం కాదు. నేను నిజంగానే బాగున్నాను."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "ఒట్టు?"

"రుమ్యానామీద ఒట్టు. పొద్దున ఒక్కసారే. మిరపకాయలు కూడా తిన్నాను, నాలుగు."

ఆవిడ మెట్టుమీద కూలబడింది. తర్వాత చేతిసంచీ తెరిచి, గుడ్డలో చుట్టిన మూట తీసి ఒళ్ళో విప్పింది. మెత్తటి ఫ్లానెలు గుడ్డతో కుట్టిన చిన్న తొడుగులు. ఒకటి నీలం, ఒకటి బూడిదరంగు, ఒకటి గళ్ళది. ప్రతిదానికీ చిన్న గుండీ, నడుముకు కట్టుకునే పట్టీ. రుమ్యానాకు ఫోను చేసి, పొట్టకు తగిలించే ఆ సంచీలు ఏ సైజులో ఉంటాయో ఇటలీలో కనుక్కోమని చెప్పి కుట్టిందట.

"ఆ ప్లాస్టిక్ సంచీ ఒంటికి ఒరుసుకుంటదంట. ఇవాళే నిన్ను కోతకు పంపుతారేమోనని తెచ్చా" అంది. "గళ్ళది ఆదివారాలకు."

నేను ఆవిడ పక్కన మెట్టుమీద కూర్చున్నాను. ఆ గళ్ళ తొడుగు తీసుకుని గుండీ పెట్టాను, మళ్ళీ తీశాను. కుట్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి. కళ్ళు సరిగ్గా కనబడని మనిషి వేసిన కుట్లు.

"ఇప్పుడు వీటినేం చేసేది?" అంది అత్త నా చేతిలోంచి లాక్కుని, కోపంగా. "మూడూ పాడు! వెల్లుల్లి పోసుకోనా?"